ప్రూఫులో కొట్టేసిన రాజుగారి తోక

ప్రెస్సు గేటుకి ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద ప్రూఫుల బాబాయ్ కూర్చున్నాడంటే, ఆయన లేచేదాకా ఇంకొకరికి మాట్లాడే అవకాశం ఉండదు. అచ్చుకి వెళ్లే ప్రతి పుస్తకంలోనూ తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. ముప్ఫై ఏళ్లుగా ఆయన సంతకం పడనిదే మెషీన్ తిరగలేదు. ఆ గీర ఆయనకి నిలువెల్లా ఉంది.

ఆ రోజు ఆయన పక్కనే పంతులమ్మ కూర్చుంది, ఒళ్లో తన నవల ప్రూఫుల కట్టతో. రాజుల కాలం కథ, చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిందే. నాలుగింటిలోగా సంతకం పడకపోతే మెషీన్ బడి పుస్తకాలకి పోతుంది, మళ్లీ మూడు నెలల దాకా ఖాళీ ఉండదు. అమ్మమ్మ కంటిచూపేమో వారం వారం తగ్గిపోతోంది. మూడు నెలలాగితే ఆవిడ ఈ పుస్తకాన్ని తడిమి చూసుకోవడమే గానీ చదవడం ఉండదు. పంతులమ్మ మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది. బాబాయ్ తాపీగా టీ ఊదుకుంటున్నాడు.

“నీ సైనికుడు ‘వాడు తుపాకీ దెబ్బకు దొరకడు’ అంటాడేంటమ్మా? ఆ రోజుల్లో తుపాకులెక్కడివి?”

“అది తీసేస్తానన్నాగా బాబాయ్ గారూ.”

“అదొక్కటేనా? నలభై ఒకటి పట్టా. అందరూ మనలాగే మాట్లాడేస్తున్నారు. ఆ కాలం మనుషులు ఆ కాలం మాటే మాట్లాడాలి. మొత్తం తిరగరాయి, అప్పుడు చూద్దాం. పోయినేడు ఇలాగే ఒక పెద్ద రచయిత నవలొచ్చింది. అందులో రాజు ‘పని పట్టాలెక్కింది’ అన్నాడు. నేనొక్కటే అడిగా, ‘అయ్యా, మీ రాజుగారి ఊరికి రైలు ఏ పూట వస్తుందండీ?’ అని. అంతే, మహానుభావుడు నా కాళ్ల మీద పడ్డాడు.”

“మొన్న చెయ్యి కలిపాడన్నావు?” అన్నాడు బైండింగు చేసే బావ.

“ముందు చెయ్యి, తర్వాత కాళ్లు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సంగతి యూనివర్సిటీకి పాకింది. నలుగురు ప్రొఫెసర్లు జీపేసుకుని మా ఇంటికొచ్చారు, ఏ మాట ఎప్పుడు పుట్టిందో మీరే చెప్పాలని. వరండాలో చోటు చాలక ఇద్దరు మెట్ల మీద కూర్చుని రాసుకున్నారు. మూడు రోజులు!”

“మూడు రోజులూ పిన్నే వండిపెట్టిందా?” అంది టీకొట్టు అక్క.

“వాళ్లకి ఆకలి గుర్తుంటేగా! అసలు నాకింత ఎలా తెలుసనుకున్నారు? రక్తంలోనే ఉంది. మనం వాడే మాటల్లో సగం మా వంశం పుట్టించినవే.”

పంతులమ్మ కట్టలోంచి ఒక తెల్ల కాగితం లాగి, పెన్ను మూత తీసింది. “ఏదీ, ఆ కథ మొదట్నించి చెప్పండి బాబాయ్ గారూ.”

తన మాటలు రాసుకునే మనిషి నిజంగానే దొరికేసరికి బాబాయ్‌కి పూనకం వచ్చేసింది.

“రాసుకో. మా తాత ముత్తాతల్లో ఒకాయన రాజుగారి కొలువులో ప్రూఫులు చూసేవాడు. శాసనం చెక్కే ముందు రాయి ఆయన దగ్గరికి రావాల్సిందే. ఒకసారి యుద్ధంలో ఓడిపోయారు. ఆ సంగతి వినపడకుండా మంత్రి రాజుగారి చెవిలో పువ్వు పెట్టాడు, కుండీతో సహా. అదిగో, ఆ మాట అక్కడ పుట్టింది. మా తాత కుండీ పీకేసరికి రాజుగారి బుర్రలో లైటు వెలిగింది. మంత్రికి ఫ్యూజులెగిరిపోయాయి. సేనాధిపతి కాలికి బుద్ధి చెప్పాడు. ఉత్తినే కాదు, కాలిని ఒళ్లో పెట్టుకుని అరగంటసేపు చెప్పాడు, అప్పుడు పరిగెత్తాడు. మా తాత ఊరుకుంటాడా? ఏనుగెక్కి గంటకి వంద కిలోమీటర్ల స్పీడులో వెంటపడ్డాడు. ఏనుగుకి బ్రేకులు పడలేదు, పోయి కోటగోడని గుద్దేసింది. అది చూసి రాజుగారికి తలప్రాణం తోకకొచ్చింది.”

“రాజుగారికి తోకా?”

“ఉండేది. బారెడు.”

“మరి చరిత్రలో ఎక్కడా లేదే?”

“ఎలా ఉంటుంది బావా? మా తాత ప్రూఫులో కొట్టేశాడుగా! రాజుగారు చేతులు పట్టుకుని బతిమాలుకున్నారు.”

అక్క నవ్వు ఆపుకోలేక టీ వడగట్టే జల్లెడ పక్కన పడేసింది. పంతులమ్మ మాత్రం నవ్వలేదు. చివరి మాటదాకా రాసి, కాగితాన్ని బాబాయ్ ముందుకి జరిపింది. “ఇదీ రాజుల కాలం కథేనండీ. కాస్త చూసి పెట్టండి.”

బాబాయ్ ఏ పేజీనైనా కింది వరస నుంచి పైకి చదువుతాడు. కథలో పడిపోతే తప్పులు కనపడవని ఆయన పద్ధతి. కాగితం చేతికి తగిలితే చాలు, కళ్లకి అక్షరాలు తప్ప ఇంకేమీ ఆనవు. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు. అడుగున తోక. కొట్టేశాడు. బ్రేకులు, స్పీడు, కిలోమీటర్లు కొట్టేశాడు. బావ నోరు తెరవబోతే అక్క కళ్లతోనే ఆపింది.

“ఫ్యూజులా! లైటా! వీడెవడమ్మా, నీకంటే అన్యాయంగా ఉన్నాడు! అచ్చే లేని కాలంలో ప్రూఫులు చూడ్డమేంటి, పలక పట్టిన మొహమేనా?” అంటూ అదీ కొట్టేసి మొదటి వరసకి వచ్చాడు. ‘మా తాత ముత్తాతల్లో ఒకాయన’ అని ఉంది. పెన్సిలు ఆగిపోయింది.



“మీరు రోజూ మాట్లాడే మాటలతో చెప్పారు కాబట్టే మేం ఇంతసేపూ కూర్చుని విన్నాం,” అంది పంతులమ్మ. “మా అమ్మమ్మా నాకలాగే చెప్పింది. ఆవిడ మాటలు ఆవిడ చదువుకోవాలండీ. కళ్లున్నప్పుడే.”

బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. ప్రూఫుల కట్ట లాక్కుని, తుపాకీ ఒక్కటీ కొట్టేసి, కింద సంతకం పెట్టాడు. పంతులమ్మ కట్ట అందుకుని మెషీన్ గదికి పరుగెత్తింది.

బాబాయ్ ఆ ఎర్రగీతల కాగితాన్ని చప్పుడు చేయకుండా మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

“సగంలో వదిలేశావేం బాబాయ్?” అన్నాడు బావ. “కొట్టెయ్. ఇంక మీ తాతగారొక్కరే మిగిలారు.”