టేబులు గుద్దితే వచ్చిన కారు

మెకానిక్ షెడ్డు పక్కన టీ కొట్టు బల్ల మీద స్టీరింగు మావయ్య కూర్చున్నాడంటే అక్కడున్న వాళ్ల టీలు చల్లారిపోవాల్సిందే. ముప్ఫై ఏళ్లు కార్లు నడిపి మానేసిన మనిషి. ఇప్పుడు నడిపేది నోరొక్కటే. ఆ రోజు దర్జీ ఓ పాత కారు కొని, దానికి ఏ బీమా కట్టాలో ఆయన్నే అడిగాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

"థర్డ్ పార్టీ కట్టు, చాలు. మిగతాదంతా దండగ. నా కారు వరదలో మునిగినప్పుడు నాకున్నది అదేగా?"

అప్పుడే ఆయన అక్క కొడుకు నడుచుకుంటూ వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. సొంత టాక్సీ నడిపి ఇల్లు గడుపుతాడు. పోయినేడు వాడికీ ఈ సలహాయే ఇచ్చాడు మావయ్య, వాడు అలాగే కట్టాడు కూడా. సాక్షి దొరికాడని ఆయనకు ఊపొచ్చింది.

"నీళ్లు బానెట్టు దాకా వచ్చాయా, తెల్లారి ఆఫీసుకెళ్లాను. గుమాస్తా 'దీనికి రాదండీ' అన్నాడు. ఊరుకుంటానా? టేబులు మీద ఒక్క గుద్దు గుద్దాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేనేజరు లేచి తన కుర్చీ నాకేసి తను నిలబడ్డాడు!"

"నిలబడ్డాడా?" అన్నాడు టీ కొట్టాయన, గిన్నె దించుతూ.

"నిలబడ్డమేంటి, వణికాడు! ఆ గుద్దుకి పై అంతస్తులో బీరువాలు వాటంతటవే తెరుచుకున్నాయి. మర్నాడు నష్టం చూసే ఆయనొచ్చి డిక్కీ తెరిచాడు. లోపల చేపలు! ఒక్కోటి బారెడు! 'ఇవి మధ్యలో ఎక్కాయా?' అన్నాడు. 'కాదు బాబూ, డిక్కీలోనే పుట్టాయి, కారు సామానే' అన్నాను. రాసుకున్నాడు!"

"చేపలక్కూడా ఇచ్చారా మావయ్యా?" దర్జీ నోరు తెరిచాడు.

"పిల్లచేపలతో సహా! అక్కడితో ఆగిందా? వాళ్లందరికన్నా పెద్దాయన హెలికాప్టరేసుకుని మా సందులో దిగాడు. ఆ గాలికి ఆరేసిన బట్టలు మూడు వీధుల అవతల పడ్డాయి, మీ అత్తయ్య చీర ఇప్పటికీ దొరకలేదు. కొత్త కారు తాళాలు చేతిలో పెట్టి 'పొరపాటైంది, క్షమించండి' అన్నాడు. ఇవాళ్టికీ ఆ ఆఫీసులో నా ఫోటోకి దణ్ణం పెట్టందే కౌంటరు తెరవరు!"

"నేనూ గుద్దాను మావయ్యా," అన్నాడు మేనల్లుడు.

"ఏంటి గుద్దావు?"

"టేబులు. నాలుగు రోజుల కిందట బండి కల్వర్టు గోడకి గుద్దుకుంది. నాకేం కాలేదు, బండి నుజ్జయిపోయింది. నువ్వు చెప్పినట్టే ఆఫీసుకెళ్లి గుద్దాను. కాపలా ఆయనొచ్చి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లాడు. థర్డ్ పార్టీ అంటే మన వల్ల అవతలివాళ్లకి జరిగిన నష్టానికేనట. మన బండికి రాదట. కౌంటరు దగ్గర పది మంది చూశారు మావయ్యా."

మావయ్య నవ్వబోయి ఆగిపోయాడు. వాడు నడిచి ఎందుకొచ్చాడో అప్పటికి గాని ఆయనకి తట్టలేదు. రేపట్నుంచి ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

"మా ఆవిడ మన బండికీ డబ్బొచ్చే పెద్ద పాలసీయే కట్టమంది. మావయ్యకన్నా నీకెక్కువ తెలుసా అని అరిచాను. ఇప్పుడది ఒక్క మాటా అనట్లేదు. అంటే బాగుండు."

మావయ్య గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆ బల్ల మీద ఎప్పుడూ తగ్గని గొంతు ఇప్పుడు తగ్గింది.

"నాకూ ఇవ్వలేదురా. రాదండీ అన్నాడు, సరేనండీ అని వచ్చేశాను. గుద్దడం కాదు, గట్టిగా కూడా మాట్లాడలేదు. కారు తుక్కు కిందికి పోయింది. ఇక్కడికొస్తే 'ఏమైంది మావయ్యా' అని అందరూ అడిగారు. ఇంత అనుభవం ఉండి నాకే తెలీలేదని ఏ మొహంతో చెప్పను? గుద్దానన్నాను. మీరు నవ్వారు. ఇంకాస్త కలిపాను."

దర్జీ తల దించుకున్నాడు. టీ కొట్టాయన పొయ్యి వైపు తిరిగాడు.

మేనల్లుడు లేచి, కోపం లేకుండానే అన్నాడు. "ఆ మాట అప్పుడే చెప్పుంటే ఏమయ్యేది మావయ్యా? ఓ పూట నవ్వుకునేవాళ్లం. అంతేగా?"