పాలజగ్గు చప్పుడు

అక్క పోయాక చెల్లెలు ఆ వంటింట్లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. అక్క తన కాఫీ షాపులోనూ ఇంట్లోనూ చేసే మసాలా టీ లాటేని ఇప్పుడు బావ చేస్తున్నాడు.

"దాల్చినచెక్క, లవంగం, యాలకులు, అల్లం... అన్నీ పడ్డాయా బావా?"

"పడ్డాయి. డికాషన్ చిక్కగానే దిగింది, పాలూ నురగ కట్టాయి. అయినా నా మొహంలా ఉంది."

"ఉండదూ మరి? నురగలో ఇంతింత బుడగలేంటి? అవి పోవాలని అక్క జగ్గుని గట్టుకేసి తట్టేది కదా!"

"తెలుసు. నేను తట్టను."

"అదేం మొండితనం? ఇలా ఇవ్వు."

ఆమె జగ్గు లాక్కుని, అచ్చం అక్కలాగే టక్ టక్‌మని రెండుసార్లు తట్టింది.

బావ మొహం పాలిపోయింది. "ఎంత పని చేశావమ్మా! పైన పాప పడుకుంది."

"లేస్తే నేను జోకొడతాలే, దానికేం?"

"నిద్ర గురించి కాదు. మొన్న నేనూ మర్చిపోయి ఇలాగే తట్టాను. ఆ చప్పుడు వినగానే..."

పై గదిలో తలుపు తెరుచుకుంది. చిట్టి పాదాలు గబగబా మెట్లు దిగుతున్నాయి.

"అమ్మా! వచ్చేశావా? నురగంతా నాకే!"