మామ్మ ఒడి

తెనాలి ఆసుపత్రిలో, హెర్నియా ఆపరేషన్‌కు తెచ్చిన నాలుగేళ్ల ఎస్తేరును మామ్మ ఒడిలో బిగించి పట్టుకుంది. ఎదురుగా మందు కప్పుతో నర్సు.

"మొన్న మీవాళ్లిద్దరు దీన్ని లాక్కెళ్లారు. పెనుగులాటలో ఇది నా జాకెట్టు చింపింది. ఇదిగో, కొరికిన గాటు!"

"అందుకే ఆరోజు ఆపేశాం మామ్మా. ఈసారి ముందే మగత మందు పట్టిద్దాం. తియ్యగానే ఉంటుంది."

"మళ్లీ చెయ్యేశారంటే పళ్లు రాలగొడతా!"

"అలాగే కొట్టండి. ముందు ఇది మీరే పట్టించండి."

పాప తాగింది. అరగంటకు తల వాల్చేసింది.

"ఏడవట్లేదేంటమ్మా? వీళ్లమ్మ కూడా ఇలాగే, ఏడవకుండానే పోయింది."

"గంటలో తెచ్చి మీ ఒళ్లోనే పెడతాను. ఇవ్వండి." నర్సు పాప కింద చేతులు పెట్టింది.

"ఇది నన్ను వదిలితేగా!"

"పాప ఎప్పుడో వదిలేసింది మామ్మా. నా చేతిలోకి దిగుతున్న గోళ్లు మీవి."