వేపమొద్దు పిస్టన్

రాజయ్యకు లారీ నడపడం ఎంత బాగా వచ్చో, నడిపిన సంగతి చెప్పడం అంతకు పదింతలు వచ్చు. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఏ చాయ్ కొట్టు దగ్గర ఆగినా ఆయన కోసం బల్ల మీద జరిగి చోటిస్తారు. ఆయన కోసేవన్నీ కోతలని అందరికీ తెలుసు. అయినా చాయ్ చల్లారిపోయేదాకా ఒక్కరూ లేవరు.

ఆ కోతలకు ఊఁ కొట్టే పని ఆయన భార్య సత్తెమ్మది. ఎదురుగా ఎంతమంది ఉన్నా రాజయ్యకు ఆమె ఊఁ వినబడితేనే కథ ముందుకు సాగుతుంది. ముప్పై ఏళ్లలో ఆమె ఒక్కసారి కూడా నలుగురిలో "అది కాదు" అనలేదు. అనవలసినవన్నీ ఇంటికి పోయాక, తలుపు దగ్గరికి వేసి అనేది.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం గిన్నె పట్టుకొని మెకానిక్ మాన్‌సింగ్ షెడ్డుకు వచ్చింది. షెడ్డులో రాజయ్య ఇరవై రెండేళ్లుగా నడుపుతున్న లారీ ఉంది. దాని ఇంజన్ నేల మీద, మూత ఊడదీసి, లోపలిదంతా బయటపెట్టుకొని ఉంది. పక్కనే గట్టమ్మ చాయ్ కొట్టు. అక్కడి బల్ల మీద లారీ యజమాని శ్రీపాల్ సేటు, కుర్ర డ్రైవర్ యుగేందర్, రాజయ్య కూర్చొని ఉన్నారు. మాన్‌సింగ్ చేతులకున్న నల్లనూనె గుడ్డతో తుడుచుకుంటూ నిలబడి చెబుతున్నాడు.

"రెండే దార్లున్నయ్ సేటూ. ఇదే ఇంజన్ మల్ల కడుత. కాని ఇప్పటికే రెండుసార్లు లోపలి గోడలు గీకి పెద్ద పిస్టన్లు ఏసినం. మూడోసారి గీకితే గోడ పల్సగైతది. ఎన్నాళ్లుంటదో నేను మాటియ్య. లేదంటే వరంగల్‌ల ఒక ఇంజన్ ఉన్నది, మంచిది, నడిపిచ్చి చూసిన. గది తెచ్చి ఎక్కిస్త. కాగితాల మీద ఇంజన్ నంబరు మార్పిచ్చుకోవాలె, గంతే."

శ్రీపాల్ సేటుది జనగామలో ధాన్యం దుకాణం. నెమ్మది మనిషి. ఏ సంగతైనా రెండుసార్లు విని, మూడోసారి ఆలోచించి గాని తేల్చడు.

"మా నాయిన తన చేత్తోని కొబ్బరికాయ కొట్టి ఇంటికి తెచ్చిన బండి రాజన్నా," అన్నాడు. "దాని ఇంజన్ తీసి అవతల పడేయాలంటే పానం ఒప్పుతలేదు. కాని తోలేది నువ్వు. నువ్వెట్లంటే అట్ల. చెప్పు."

సత్తెమ్మకు గుండెల మీది బరువు దిగినట్టయింది. ఇరవై రోజుల కింద ఆ లారీ భూపాలపల్లి నుంచి బొగ్గు లోడుతో వస్తూ ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్ చచ్చి ఊరుకుంది. లోడుతో సహా వెనక్కి జారింది. కల్వర్టు గోడకు వెనక చక్రం తగులుకొని ఆగింది గాని, లేకుంటే ఏమయ్యేదో. ఆ రోజు రాజయ్య ఇంటికొచ్చి అన్నంలో చెయ్యి పెట్టి, అలాగే చాలాసేపు కూర్చున్నాడు. "ఇగ దాని మీద నాకు ధైర్యం లేదే" అన్నాడు. ఈ పొద్దున బయల్దేరేటప్పుడు కూడా, "ఇంజన్ మార్చుమని సేటుకు చెప్త" అని మాట ఇచ్చి వచ్చాడు. ఆ మాట చెవులారా విందామనే ఆమె అన్నం వంకతో వచ్చింది.

రాజయ్య నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గట్టమ్మ వేడి చాయ్ గ్లాసు చేతికిచ్చింది. యుగేందర్ బల్ల మీద ముందుకు జరిగాడు. ఇక రాజయ్య ఆగుతాడా?

"చెప్త సేటూ. కాని దాని గురించి తేల్చేముందు దాని గొప్పతనం ఒక్కటి చెప్పాలె గదా," అని గొంతు సవరించుకున్నాడు. "నాలుగేండ్ల కింద మానుకోట యార్డుల మిర్చి బస్తాలు ఎత్తిండ్రు. ఎండ దంచుతున్నది. స్టీరింగ్ పట్టిన్నంటే మల్ల జనగామల్నే దిగిన, నడుమ నీళ్లకు గూడ ఆపలే."

"ఊఁ," అన్నది సత్తెమ్మ. ఆ రోజు రెండుసార్లు ఆగిన మాట ఆమెకు తెలుసు. ఆ మాత్రం దానికి ఏమంటాం అనుకుంది.

"గట్లెట్ల కాకా, ఇంజన్ వేడెక్కదా?" అన్నాడు యుగేందర్.

"వేడా? జఫర్‌గఢ్ వచ్చేసరికి ఇంజన్‌ల ఆయిల్ సుక్క లేదు! దుకాణపాయనను అడిగితే పల్లినూనె తప్ప ఇంకేం లేదన్నడు. పొయ్యమన్న. రెండు డబ్బలు పోసినం, బండి సప్పుడే మారిపోయింది, తబలా కొట్టినట్టు పోతున్నది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? రఘునాథపల్లి దాటేసరికి సైలెన్సర్‌ల కెల్లి సకినాల వాసన! ఎవరింట్ల పెండ్లో అని జనం రోడ్డు మీదికొచ్చిండ్రు. ఒకావిడ పిండి పట్టుకొని బండి ఎనక ఉరికింది. పాపం ఎందుకని జర స్లో చేసిన. సైలెన్సర్ కాడ్నే రెండు వాయలు కాల్చుకొని పోయింది."

"జఫర్‌గఢ్ ఎందుకొచ్చింది నడుమ? మానుకోట నుంచి జనగామకు తొర్రూరు మీద గదా దగ్గర?" అన్నాడు సేటు.

"ఆ రోజు రోడ్డు తవ్విండ్రు సేటూ," అన్నాడు రాజయ్య, కనురెప్ప కూడా కదపకుండా.

గట్టమ్మ పొయ్యి మంట తగ్గించింది. సత్తెమ్మ మళ్లీ ఊఁ అన్నది. చెప్పనీలే, ఇరవై రెండేళ్లు తోడున్న ఇంజన్, పొయ్యేముందు నాలుగు మంచి మాటలు చెప్పుకుంటున్నాడు అనుకుంది.

"గదంత ఒక ఎత్తు, పిస్టన్ సంగతి ఒక ఎత్తు. భూపాలపల్లి పోతుంటె అడివి నడుమ ఠప్పుమని ఒక పిస్టన్ పగిలింది. మనకాడ ఇంకోటి లేదు. చుట్టుపక్కల షెడ్డు లేదు, షాపు లేదు. పక్క ఊళ్లె వడ్లాయన నాగలి చెక్కుతున్నడు. అయ్యా, నీకు దండం, గిది చూసి గిట్లాంటిదే ఒకటి చెక్కియ్యమన్న. వేపమొద్దు తీసుకొని, అటు తిప్పి ఇటు తిప్పి, చాయ్ తాగినంత సేపట్ల చెక్కిండు. ఏసిన. చావి తిప్పిన. నీ తల్లి, మొదటి కిక్కుకే అందుకున్నది!"

"కట్టె పిస్టనా?" మాన్‌సింగ్ చేతిలోని గుడ్డ అలాగే ఆగింది. "కాలిపోదా రాజన్నా?"

"పచ్చి కట్టె తమ్మీ, పచ్చి కట్టె! కాలుడు కాదు, వానకాలం వచ్చేసరికి ఆ పిస్టన్ చిగురేసింది. సైలెన్సర్‌ల కెల్లి లేత వేపాకు బయటికొస్తున్నది. ఎనక చూస్తే ఏమున్నది, ఒక మంద, నలభై మేకలు బండి ఎంబడే నడుస్తున్నయ్. నేను గేరు మారిస్తె అవి గూడ ఉరుకుతున్నయ్. భూపాలపల్లి నుంచి జనగామ దాక వచ్చినయ్. మేకల కాపరి నన్ను పట్టుకొని, నా మంద ఎందుకు తోలుకొచ్చినవని కొట్లాట!"

యుగేందర్ పొట్ట పట్టుకొని నవ్వాడు. సేటు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూశాక రాజయ్యకు ఒళ్లు తెలియలేదు. గ్లాసు ఎడమచేతిలోకి మార్చుకొని లేచి నిలబడ్డాడు. ఆయన నిలబడ్డాడంటే కథ చేయి దాటిందని సత్తెమ్మకు తెలుసు. ఈసారి ఊఁ కొంచెం ఆలస్యంగా అన్నది.

"బలం అంటే దానిదే బలం. బొగ్గు గని కాడ చిత్తడి. బండి ఇరుసు దాక దిగబడ్డది. మూడు ట్రాక్టర్లు గుంజినయ్, రాలే. అందరు జరుగుండ్రని చెప్పి ఫస్టు గేరేసి ఎక్సలేటర్ తొక్కిన. బండి కదల్లే. ఏం కదిలిందో ఎర్కేనా? భూమి! కింద భూమి ఎనకకు జరుగుతున్నది. ఎదురుంగ కిలోమీటరు రాయి నడుచుకుంట నా కాడికొచ్చింది. ఒకటి కాదు, వరుసగ పదకొండు రాళ్లు. అప్పట్నుంచి భూపాలపల్లి మనకు పదకొండు కిలోమీటర్లు దగ్గరైంది."

"అందుకేనా, నా బండి మొన్న డీజిల్ తక్కువ తాగింది!" అన్నాడు యుగేందర్.

"మరి! ఎవని పుణ్యమనుకున్నవ్?" రాజయ్య షెడ్డు వైపు చెయ్యి చాపాడు. "గీ ఇంజన్‌కు సావు లేదు సేటూ. గిప్పుడు, గీ క్షణం, మూత ఊడదీసి పడున్నది గదా. నేను పోయి చెయ్యి ఏసి, లే బిడ్డా అంటె, గట్లనే లేచి గుర్రుమంటది!"

అని అలవాటు కొద్దీ సత్తెమ్మ వైపు చూశాడు.

ఆమె ఊఁ అనలేదు. ఆమె కళ్లు సేటు మీద ఉన్నాయి. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, తలూపుతూ లేస్తున్నాడు.

"కోతలు కోతలే గని మాన్‌సింగ్," అన్నాడు సేటు, "ఇరవై రెండేండ్లు తోలిన మనిషికి దాని మీద గింత నమ్మకమున్నదంటె, మనం ఎందుకు అనుమానపడాలె? ఆ వరంగల్‌ది వద్దు. ఇదే కట్టు. మా నాయిన బండి గూడ మా నాయిన బండిలెక్కనే ఉంటది."

రాజయ్య ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. ఇంతసేపూ ఆకాశానికెత్తిన దాన్ని ఇప్పుడు ఏ నోటితో పనికిరాదంటాడు? నలుగురూ ఇంకా నవ్వు ముఖాలతోనే చూస్తున్నారు. మాన్‌సింగ్ సరే అని షెడ్డు వైపు తిరిగాడు.

సత్తెమ్మకు కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది. మగని మాట నలుగురిలో తీసెయ్యడం ఆమెకు ఇప్పటికీ ఇష్టం లేదు. కానీ ఈ సంగతి ఇంటికి పోయి తలుపేసుకొని చెబితే లాభమేముంది? అప్పటికి ఇంజన్ కట్టడం మొదలవుతుంది. ఆమె అన్నం గిన్నె బల్ల మీద పెట్టి, మామూలు గొంతుతోనే అడిగింది.

"ఏమయ్యా, ఇంజన్ గింత మంచిదున్నంక మనకు బస్సు ఎందుకు? మన బిడ్డ స్పందన బాలింత, నెల దాటింది. వచ్చే వారం దాన్ని, మనుమరాలిని మానుకోట నుంచి తోలుకరావాలె గదా. అప్పటికి ఇంజన్ కట్టుడు గూడ అయిపోతది. నీ లారీలనే తోలుకరా. ముందల కూసుంటరు, హాయిగ వస్తరు."

రాజయ్య ఆమె వైపు చూశాడు. తర్వాత షెడ్డులో నేల మీదున్న ఇంజన్ వైపు చూశాడు.

"చెప్పు కాకా, బస్సుల గుద్దుకునుడెందుకు!" అన్నాడు యుగేందర్, ఇంకా నవ్వుతూనే.

"దాంట్ల వద్దు," అన్నాడు రాజయ్య. అప్పటిదాకా బజారంతా వినబడ్డ గొంతు ఇప్పుడు పక్కనున్నవాళ్లకే వినబడింది. "చంటిపిల్ల. ఎత్తు మీద ఆగిందంటే... వద్దు. బస్సుల తోలుకొస్త."

యుగేందర్ నవ్వు ఆగిపోయింది. మాన్‌సింగ్ షెడ్డు గుమ్మంలోనే నిలబడి వెనక్కి తిరిగాడు.

"పిల్ల ఉంటదని వద్దంటున్నవ్," అన్నది సత్తెమ్మ. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా తుడుచుకోలేదు. "మరి దాంట్ల రోజూ నువ్వుంటవ్ గదా?"

రాజయ్య తల దించుకున్నాడు. శ్రీపాల్ సేటు సత్తెమ్మ ముఖంలోకి చూడలేక కాసేపు చెప్పుల వైపు చూసుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ లారీ ఎక్కడ ఆగిందని అడిగాడే గాని, ఆగినప్పుడు అందులో ఉన్న మనిషి ఎట్లున్నాడని అడిగిన గుర్తు ఆయనకు లేదు.

"మాన్‌సింగ్," అన్నాడు చివరికి, "ఆ వరంగల్ ఇంజన్ రేపే పట్కరా. అది ఎక్కేదాక రాజన్న బండి ముట్టడు."