ఘాటు తగ్గేదాకా

1947 వేసవి. బెజవాడ శివారులోని వనస్పతి మిల్లులో, నూనెను గడ్డకట్టించే నికెల్ మందును కాల్చే హనుమయ్య మధ్యాహ్నం క్యారేజీ విప్పి పప్పన్నం తింటున్నాడు. కొత్త కెమిస్టు ఎదురుగా నిలబడ్డాడు.

“రోజూ కాల్చే నికెల్ ఉప్పు మానేసి, చాకలిసోడా కలిపిన ఈ పచ్చముద్ద ఏంటండీ?” అన్నాడు హనుమయ్య.

“దీన్ని కాల్చినా అదే మందొస్తుంది హనుమయ్యగారూ. ఎర్రపొగ రాదు, బొగ్గూ తక్కువ పడుతుంది.”

“పొగ రాకపోతే, మూకుడు ఎప్పుడు దించాలో ఎట్లా తెలుస్తుందండీ? నేను వాసన చూసి, ఘాటు తగ్గాక దించుతాను.”

“దీనికి రంగు చూస్తే చాలు. పచ్చదనం పోయి నల్లబడగానే దించెయ్యొచ్చు.”

“రంగు ఎవరైనా చూస్తారు. ఇక నాతో పనేముంది? నిజం చెప్పండి, నన్ను మాన్పించమని యజమానిగారే పంపించారా?”

“ఎవరూ పంపలేదండీ.”

“మరి నా అన్నంవంక అట్లా చూస్తారేం?”

“ఆ పప్పు ఎప్పటిది?”

“నిన్నటిది. మా ఆవిడ ఊళ్లో లేదు. మీరు మాట మార్చకండి.”

“రుచి బాగుందా?”

“బాగానే ఉంది. ఏం?”

“పాచిపోయిందండీ. మీరు మూత తియ్యగానే ఇక్కడిదాకా కంపు కొట్టింది.”

హనుమయ్య అన్నంముద్దను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. ముద్దను గిన్నెలో వదిలేశాడు.

“యజమానిగారికి చెప్పకండి బాబూ.”

“ఎన్నాళ్లయింది?”

“రెండేళ్లు.”

“మరి ఇన్నాళ్లూ మూకుడు ఎట్లా దించుతున్నారు?”

“పక్కనున్నవాళ్ల దగ్గు తగ్గేదాకా ఆగి దించుతున్నానండీ.”