చక్రానికి మంచినీళ్లు

హలో… హలో… ఆ, నేనే. రాజవ్వను. జెర గట్టిగ మాట్లాడు, లోపట ఒకటే గరగర.

— ఆ, ఇప్పుడు ఇనొస్తుంది. ఇంట్ల కాదయ్యా, కార్ఖాన ఆఫీసులున్న. ‘సముద్రం కాడికెల్లి నీ పెనిమిటి ట్రంకాల్ చేసిండు, రా’ అని మనూరు కాజీపల్లికి మనిషిని తోలిన్రు. కలుపు ఇడిసిపెట్టి పటాన్‌చెరు దాంక ఉరికొచ్చిన. నా పానం పానంల లేదు. ఏమైంది?

— ఏం గాలేదా? మంచిగనే ఉన్నవా? … మరి గా గొంతేంది, జెరమొచ్చినోని లెక్క?

— మా అవ్వ గూడ ఒచ్చింది. కొడుకు మాట్లాడ్తడని గేటుకాడ కూసున్నది. ఏడి మా లింగడు? వానికియ్యి ఫోను. పోయినకాడికెల్లి అక్క యాదికొచ్చిందా వానికి? ఇయ్యి, నాలుగు తిడ్త.

— ఏంది? ముందుగాల బండి సంగతి చెప్తవా? ట్రాక్టర్ ఎన్క పడవలు మోసే ఆ పడవబండి సంగతి నాకెందుకయ్యా, నేనేమన్న బోల్టులు బిగిస్తనా? మీ ఫోర్మన్ సూర్యారావు సారు ఈ పక్కనే ఉన్నడు, ఆయనకిస్త ఉండు.

— ఒద్దా? … నాతోనే చెప్తవా? … సరె. చెప్పు. ఇంటున్న.

— చక్రం ఊడిందా.

సారూ, మా ఆయిన చెప్తుండు… ఈడ మీరు చేసి, వీళ్లిద్దర్ని తోడిచ్చి తోలిన్రు గద పడవబండి, చేపలోళ్ల సంఘానికి, దాని చక్రం ఊడొచ్చిందంట. చక్రం నడుమ హబ్బు లోపట అంత తుప్పువట్టి బేరింగు పొడిపొడి అయిందంట.

— ఆ… సారుకు కోపమొస్తుంది. అడుగంటుండు. సముద్రంలకెల్లి బండి బయటికి తీసినప్పుడల్ల చక్రాల మీద మంచినీళ్లు కొట్టిన్రా లేదా?

— … అయ్యో. గట్లనా?

సారూ, ఆడ బాయిలన్ని ఉప్పేనంట. ఆడోళ్లు బిందెలు నెత్తిన వెట్టుకొని శానా దూరం పోయి తెచ్చుకుంటరంట. చక్రానికి పోస్తం జెరన్ని ఇయ్యుండ్రని అడిగితె, మాకు తాగనీకె లేవు, ఇనుముకు పొయ్యాల్నా అని తిట్టిన్రంట.

— ఎవలడిగిన్రు, లింగడేనా? అడిగుంటడు. వాడు సిగ్గుగల్లోడు. ఒక్కపారి తిడితె మల్ల ఆ దిక్కు పోడు.

— ఆగు, సారు ఇంకోటి అడుగుతుండు. ఉరికొచ్చిన బండిని సల్లారనిచ్చిన్రా, గట్లనే నీళ్లల దించిన్రా?

— … గట్లనేనా? వేడి వేడి మీదనే?

— సారు నెత్తి కొట్టుకుంటుండు. ఉరికినంక హబ్బు కాగుతదంట. కాగినదాన్ని గప్పుడే సముద్రంల దించితె, సల్లవడుకుంట లోపటికి ఉప్పునీళ్లు గుంజుకుంటదంట. సల్లారినంక దించుండ్రని పోయేనాడు ఇద్దరికి చెప్పినంటుండు. చెప్పిండా?

— చెప్పిండు గద. మరి?

— … లింగడు ఇనలేదా?

— ఏమన్నడు? … కాగిన చక్రం నీళ్లల్నే సల్లారాలె అన్నడా? ఇగ వాడు గట్లనే అంటడు.

సారూ, వాన్ని తిట్టకుండ్రి. గది మా నాయిన నేర్పిన పని. ఎడ్లబండి తోల్తె ఇరుసు కాగి పొగలొచ్చేది. నాయిన బండిని దీస్కపోయి వాగుల నిలవెట్టేటోడు. ఇరుసు సల్లవడేది, కట్టె నాని చక్రం బిగుసుకునేది. మేము బండ్లెనే కూసోని కాళ్లు నీళ్లల ఆడిచ్చేటోళ్లం. వానికి గదే తెల్సు. చక్రం కాగితె నీళ్లల వెట్టాలె. వాగు నీళ్లేంది, సముద్రం నీళ్లేంది వానికేం ఎరక? మన దిక్కు సముద్రమున్నదా? మీదంటె ఆ సముద్రం దిక్కు ఊరే, మీకు తెల్సు.

— ఆ, ఉన్న, ఉన్న. సారుతోని మాట్లాడుతున్న. రోజూ నీళ్లల వెట్టి, నేనే దీన్ని మంచిగ సూసుకుంటున్న బావా అనెటోడా? … పిచ్చోడు.

— గిరీసా? సారూ, మొన్న మూత తీస్తె గిరీసు నల్లగ లేదంట. తెల్లగ, చిలికిన సల్ల లెక్క ఒచ్చిందంట.

— … గప్పటికే నీళ్లు లోపటికి పోయినయంటుండు సారు. కుర్సీల కూసున్నడు.

— ఏమయ్యా, గట్ల ఒచ్చినంక గూడ తోలిన్రా బండి?

— సంఘపోళ్లు జల్దీ జల్దీ అన్నరా. ఒక్క పడవ దించొచ్చి ఇప్పుదామనుకున్నరా.

— హా.

— సప్పుడా? చక్రంల సప్పుడొచ్చిందా? … మరి బండి ఆపలేదా?

— మెల్లగ తోలు బావా, నేను దిగి ఇనుకుంట ఒస్త అన్నడా. ఎవలు… మా లింగడా?

— ఉండు. ఉండు జెర. నువ్వు ట్రాక్టర్ మీదున్నవు. వాడు దిగిండు. ఏ పక్క నడిచిండు?

— నేనడిగేది గదే. ఏ పక్క?

— … చక్రం పక్కనా.

— పడవ ఎటు ఒరిగింది? … మాట్లాడు. నీకు దండం వెడ్త, మాట్లాడు. పడవ ఎటు దిక్కు పడ్డది?

— నీళ్లల్ల, వాని మీదనే బోర్ల పడ్డదా.

— ఏడ్వకు. నాకు తెల్వనియ్యి. దవాఖాన్ల ఉన్నడా? … ఏ దవాఖాన? కాలు ఇరిగిందా, నడుమా? ఏదైన గానియ్యి, నేను సూసుకుంట. వాన్ని సంకనేసుకోని పెంచిన, మల్ల గట్లనే పెంచుత. దవాఖాన్లనే ఉన్నడు గద?

— తీస్కపోలేదా? ఎందుకు తీస్కపోలే?

— అవసరం పడలేదా.

— ఎవలు, ఎవలు మాట్లాడేది? … ఎక్స్ఛేంజి అమ్మా, టైమైందని కట్ చెయ్యకమ్మా. నీ కాల్మొక్త. సారూ, జెర చెప్పుండ్రి ఆమెకు, కట్ చెయ్యొద్దని చెప్పుండ్రి! … ఆ. ఉన్నదా లైను? ఉన్నవా?

— ఇను. ఏడుపు ఆపి ఇను. ఇప్పుడు ఏడున్నడు వాడు?

— ఒడ్డుకేనా? ఇసుకల? మీద ఏం కప్పిన్రు? … పడవ తెరచాపనా.

— ఆడ మన్నుల పెట్టకు వాన్ని. ఆ మన్ను గూడ ఉప్పే ఉంటది. మనూరికి తే. సారు లారీ తోల్త అంటుండు, నెత్తి ఊపుతుండు. నాయిన పక్కపొంటి పెడ్దాం. తెస్తవా? మాటియ్యి.

— ఇంకోటి. ఒంటి మీద సముద్రం నీళ్లున్నయా? … నోట్లె గూడనా? ఇసుక గూడనా?

— కడుగు. మంచినీళ్లతోని కడుగు. లారీ ఒచ్చేదాంక ఆ ఉప్పుల ఉంచకు వాన్ని.

— లేవని చెప్పకు నాకు! బిందెలు మోసే ఆ ఆడోళ్ల కాడికే పో. చక్రానికి అడిగితె తిట్టిన్రు. మనిషికి ఇస్తరు. లింగడు ఆనాడు చక్రానికని నీళ్లడిగిన పిలగాడు అని చెప్పు. ఇస్తరు.

— ఒచ్చిన్రా? … వాళ్లే ఒచ్చిన్రా బిందెలు వట్టుకోని?

— … వాళ్ల కడుపు సల్లగుండ.

— అయితె పో. ఫోన్ కాడ నిలవడకు. నెత్తికి మంచిగ పొయ్యి. చెవులల్ల ఇసుకుంటది, నీ తువ్వాలతోని తుడువు. వానికి చెవులల్ల ఏమన్న ఉంటె నిద్ర పట్టేది కాదు.

— నేనా? నేను అవ్వకు చెప్పాలె. … ఎట్ల చెప్తనో నాకేం ఎరక. పో.

సారూ, మీరు గూడ ఏడిస్తె ఎట్ల. గిటు సూడుండ్రి. గీ ఫోన్ ఎట్ల వెడ్తరు? … అవుతల ఆయిన ఇంక మాట్లాడుతనే ఉన్నడు… గిట్లనా? బోర్ల వెట్టాల్నా?