మాట విప్పి చూపిన మా వెంకటదుర్గగారు

1994 నవంబరు 21వ తేదీ, సోమవారం ఉదయం, నిడదవోలు సమీపంలోని ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి వెంకటదుర్గగారు, ముప్పై ఒక్క సంవత్సరాల నిరంతర సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి తరగతులను సోమవారం నుంచి నేను స్వీకరించవలసి ఉన్నందున, ఈ అభినందనలో సంతోషంతోపాటు కొంత బెరుకూ ఉన్నదని ముందే మనవి చేసుకుంటున్నాను.

‘విద్యార్థి’కి అర్థం గడగడా ఒప్పజెప్పే పిల్లలు ‘శరణార్థి’ ఎదురైతే దిక్కులు చూడడం వారు నిడదవోలులోనే గమనించారు. “అర్థి అంటే కోరేవాడర్రా. మరి శరణు కోరేవాడు?” అని అడిగి, మాటను కీళ్ల దగ్గర విడదీసి చూపడం అప్పుడే ప్రారంభించారు. ‘కన్నీరు’ను విడదీసిన ఉత్సాహంలో ఒక పిల్లవాడు ‘పన్నీరు’ను పన్ను, నీరు అని విడదీస్తే తరగతి అంతా నవ్విందట, తాను మాత్రం నవ్వలేకపోయానని, తన పద్ధతి ఎప్పుడో ఎవరినో దారి తప్పిస్తుందన్న బెంగ ఆనాడే పట్టుకుందని వారు నాతో అన్నారు.

2011లో పదోన్నతిపై, రామచంద్రపురం ప్రాంతంలో గోదావరి గట్టునానుకుని ఉన్న మన పాఠశాలకు విచ్చేశారు. “పాఠాలు వెనకబడ్డాయేంటండీ?” అని తనిఖీకి వచ్చినవారు అడిగినప్పుడల్లా వినయంగా సమాధానమిచ్చేవారు. అయినా మాటలు విప్పడం మానలేదు.

మానినది ఒక్కసారే, 2022 వరదల తరువాత.

గోదావరి నడుమనున్న లంకలో బంధువుల మేడమీద తలదాచుకున్న చినబాబు అనే మత్స్యకారుని కుటుంబానికి ఫోన్లో ఒక సందేశం వచ్చింది: ‘ప్రమాద హెచ్చరిక ఉపసంహరణ’. ఆ ఇంట చదువు వచ్చినది మన ఎనిమిదో తరగతి విద్యార్థిని హారతికి మాత్రమే. “ఉప అంటే దగ్గర, సంహరణ అంటే చంపడం. చావు దగ్గరికొచ్చేసిందంట నాన్నా!” అని ఆ పిల్ల కేక పెట్టింది. వరద తగ్గుతున్నదని చూసుకోకుండా, మేడను వదిలి, చినబాబు తల్లినీ కూతురినీ నావలోకెక్కించి సుడుల్లోకి దిగాడు. నావ కొబ్బరిచెట్టుకు కొట్టుకుంది. ముసలితల్లి నీళ్లలో పడిపోగా, అతడు దూకి జుట్టు పట్టుకుని పైకి లాగాడు. ఆమె ప్రాణం దక్కింది, చేయి విరిగింది.

సంగతి తెలిసి వారూ నేనూ రాజమహేంద్రవరం ఆసుపత్రికి వెళ్లాం. బస్సులో వారు రెండుసార్లు ఒకే మాట అడిగారు: “జానకిరామ్ గారూ, ఆ మాట నేనెందుకు చెప్పలేదండీ?”

“నేను నేర్పిన చదువే ఇంత పని చేసిందండి,” అని వారు చేతులు జోడించబోతే చినబాబు కంగారుపడ్డాడు. “అయ్యో, దణ్ణం పెట్టకండి మేడంగారూ! మా ఇంట్లో చదివిన మనిషి ఇదొక్కర్తేనండి. సగం వచ్చింది, సగం రాలేదు. ఆ మిగతా సగం కూడా చెప్పేయండి.”

ఆ మాటా వారి భయాన్ని తీర్చలేదు. రెండు వారాలపాటు పుస్తకంలోని అర్థాలు చదివించి ఊరుకున్నారు. మూడో వారం హారతే లేచి నిలబడింది. “ఆ మాట మళ్లీ విప్పండి మేడం. నేనెక్కడ తప్పానో చూడాలండి.”

వారు సుద్దముక్క తీసుకున్నారు. సంహరణకు చంపడమనే కాక, పరచినదాన్ని తిరిగి దగ్గరకు తీసుకోవడమనీ అర్థముందని, ఉపసంహరణ అంటే వెనక్కి తీసుకోవడమని, ఆ సందేశం నిజానికి చల్లని కబురని చెప్పారు. హారతి ఏడ్చింది, వారూ కళ్లు తుడుచుకున్నారు. ఆనాటి నుంచి వారి నల్లబల్లపై ఒక వాక్యం చెరగకుండా ఉంటోంది: ‘ముక్కలు చూసి ఊహించు, వాక్యం చూశాకే నమ్ము.’

హారతి నేడు రాజమహేంద్రవరంలో ఇంటర్మీడియట్ చదువుతున్నది. లంకవారికి ఏ సందేశం వచ్చినా ఫోన్ చేసి ఆమెతోనే చదివించుకుంటారు. ఆమె పూర్తిగా రెండుసార్లు చదివాకే అర్థం చెబుతుందట.

శ్రీమతి వెంకటదుర్గగారికి సంపూర్ణ ఆరోగ్యమూ నిండు నూరేళ్ల ఆయుష్షూ ప్రసాదించమని భగవంతుని వేడుకుంటున్నాను. ఈ ప్రార్థనలో నా స్వార్థమూ లేకపోలేదు. సోమవారం ఏ పిల్ల లేచి ఏ మాట విప్పమంటుందో నాకు తెలియదు. నేను ఫోన్ చేసినప్పుడు అటువైపు వారు చల్లగా ఉండి, “చెప్పండి జానకిరామ్ గారూ” అనాలి.